ఎవరిది మైదానం, ఎవరిది రికార్డు

పాతబస్తీ ఇరానీ హోటళ్ళలో ఒక వాదన ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. అజహర్ గొప్పా, లక్ష్మణ్ గొప్పా? రహీం సాబ్ తయారు చేసిన పోలీసు ఫుట్‌బాల్ టీము ముందు ఇప్పటి ఏ జట్టయినా నిలుస్తుందా? చాయ్ చల్లారిపోతుంది గానీ వాదన చల్లారదు. ఆ బల్లల దగ్గర ఆడవాళ్ళు కూర్చోరు, వాదనలోకి ఆడవాళ్ళ పేర్లూ రావు. ఒకవేళ సానియా పేరు వచ్చినా అది ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి కాదు.

వేరువేరు కాలాల ఆటగాళ్ళను పోల్చడం క్రీడాభిమానులకు సరదా. కానీ ఆ పోలికకు వాడే కొలబద్దలు ఎక్కడి నుంచి వచ్చాయి? పరుగులు, పతకాలు, ఆడిన మ్యాచ్‌ల సంఖ్య, ఇవన్నీ ఆటగాడి ప్రతిభకు గుర్తులని మనం నమ్ముతాం. అవి అంతకంటే ముందు ఎవరో ఇచ్చిన అవకాశానికి గుర్తులు. ఆ ఎవరో ఎవరన్నది చూస్తే హైదరాబాదు ఆటల చరిత్ర కాస్త వేరుగా కనిపిస్తుంది.

నిజాం కాలంలో ఆట దర్బారు నీడలో పెరిగింది. నవాబు మొయినుద్దౌలా పేరిట 1930లో మొదలైన గోల్డ్ కప్ దేశంలో పేరున్న క్రికెటర్లందరినీ ఈ ఊరికి రప్పించింది. ఈ ఊరి సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు, పదేళ్ళ తర్వాత రంజీ ట్రోఫీ మొదటి సీజన్లోనే ఆ పోటీ చరిత్రలో తొలి సెంచరీ చేశాడు. ఒక మనిషి అన్ని ఆటలు ఆడగలగాలంటే కావలసింది దేహదారుఢ్యం ఒక్కటే కాదు, తీరిక కూడా. అటు బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసుల మధ్య, కుస్తీ, ఫుట్‌బాల్ వేరే దారిలో బతికాయి. అక్కడ పోషకుడు నవాబు కాదు, బస్తీ.

1948 తర్వాత నవాబుల చెయ్యి సన్నగిల్లింది. ఆ ఖాళీలోకి పోలీసు శాఖ వచ్చింది. స్కూలు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బాధ్యత తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్లలో హైదరాబాదు కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళది మామూలు బస్తీల నుంచి వచ్చిన ప్రతిభ, నిజమే. కానీ పోలీసు ఉద్యోగం వాళ్ళకు నెల జీతాన్ని, ఆడుకునే సమయాన్ని, ఇంట్లో గౌరవాన్ని ఇచ్చింది. బంతి తన్నడం పనికిమాలిన పని కాదని, అది సర్కారీ నౌకరీ అని ఇంటికి చెప్పుకోగలిగారు.

ఆ కుర్రాళ్ళకు అక్కచెల్లెళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు చరిత్రలో లేవని రాసి ఊరుకోవడం తేలిక. మనం స్త్రీల చరిత్ర రాసేటప్పుడు ఈ 'లేకపోవడం' దగ్గర కన్నీరు పెట్టుకుని ఆగిపోతుంటాం. పేరు రికార్డు కావాలంటే ముందు స్కోరుబుక్కు ఉండాలి, దానికి ముందు మ్యాచ్ జరగాలి, దానికి ముందు ఆ సాయంత్రం వంట ఇంకెవరో చెయ్యాలి.

స్కోరుబుక్కు ఉన్న చోటికే వద్దాం. మహమ్మద్ అజహరుద్దీన్, మిథాలీ రాజ్. ఒకే జంట నగరాలు, ఒకే ఆట. అజహర్ 1984 చివరి రోజున కలకత్తాలో మొదలుపెట్టి 2000 మార్చి దాకా, పదిహేనేళ్ళలో, 99 టెస్టులు ఆడాడు. సగటు 45.03. జోధ్‌పూర్‌లో ఒక తమిళ కుటుంబంలో పుట్టి, సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ 1999 జూన్‌లో ఐర్లాండ్ మీద తొలి వన్డేలోనే అజేయంగా 114 చేసింది. 2022 జూన్‌లో రిటైరయ్యింది. ఆ ఇరవై మూడేళ్ళలో ఆడిన టెస్టులు 12. సగటు 43.68.

ఫిక్సింగ్ నిషేధంతో అజహర్ 99 దగ్గర ఆగిపోయాడని, వందో టెస్టు దక్కలేదని మగవాళ్ళు ఇప్పటికీ నిట్టూరుస్తారు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నాక ఆ నిట్టూర్పు ఇంకా పెరిగింది. ఆ ఒక్క టెస్టు మీద ఇంత శోకం! మిథాలీ 2002 ఆగస్టులో టాంటన్‌లో 214 పరుగులు చేసినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు, అది ఆమెకు మూడో టెస్టు, అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. 2006 ఆగస్టులో అదే టాంటన్‌లో గెలిచి ఇంగ్లండులో తొలిసారి సిరీస్ సాధించింది మన జట్టు, ఆమె కెప్టెన్‌గా. ఆ తర్వాతి టెస్టు 2014 ఆగస్టులో. మధ్యలో ఎనిమిదేళ్ళు భారత మహిళలకు ఒక్క టెస్టు లేదు. ఇరవై మూడో ఏట ఆగిన ఆట ముప్ఫై ఒకటో ఏట మళ్ళీ మొదలైంది. ఏ బ్యాటింగ్‌కైనా పండు కాలం అదే కదా.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ 2006లోనే మహిళా క్రికెట్ పాలన బీసీసీఐ చేతికి వచ్చింది. అంతకు ముందు 1973లో ఏర్పడిన భారత మహిళా క్రికెట్ సంఘం దాన్ని చందాలతో, రైల్వే ఉద్యోగాలతో, రిజర్వేషను లేని పెట్టెల్లో ప్రయాణాలతో నెట్టుకొచ్చింది. 2005 ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్ళిన జట్టుకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున దక్కాయని మిథాలీయే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. డబ్బున్న బోర్డు వచ్చాక వసతులు పెరిగాయి, టెస్టులు పోయాయి. పెద్దింట్లో చోటు దొరికింది గానీ ఏ గదిలో ఉండాలో వాళ్ళే చెప్పారు. విలీనం అన్న మాట ఆడవాళ్ళ సంఘాల చరిత్రలో ఎక్కడ కనిపించినా నాకు అనుమానం కలుగుతుంది. సొంతంగా, పేదగా ఉన్నప్పుడు నిర్ణయాలు మనవి. కలిసిపోయాక సౌకర్యం మనది, నిర్ణయం వాళ్ళది. 1990లలో భారత జట్టుకు కెప్టెన్సీ చేసిన మన ఊరి పూర్ణిమా రావు తర్వాత కోచ్ అయ్యింది. 2017 ప్రపంచకప్‌కు కొద్ది నెలల ముందు ఆమెను తప్పించి ఒక పురుషుణ్ణి పెట్టారు. ఆ ప్రపంచకప్ ఫైనల్ చూసే దేశం మహిళా క్రికెట్‌ను 'కనుగొంది'.

కాబట్టి 6215 టెస్టు పరుగుల పక్కన 699 పెట్టి చూడడం పోలిక కాదు. ఆ రెంటి మధ్య తేడాలో ఉన్నది బోర్డు క్యాలెండరు.

ఒలింపిక్స్ కథా ఇంతే. 1928లో స్త్రీలను 800 మీటర్లు పరిగెత్తనిచ్చి, అలసిపోయారన్న వంకతో 1960 దాకా ఆ పరుగునే తీసేశారు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994, 95లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1996 అట్లాంటాలో స్త్రీలకు వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో తలుపు తెరిచేసరికి ఆమె 69 కిలోల విభాగంలో ఉంది. 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ అయ్యింది. మనం ఆ కాంస్యాన్ని లెక్కబెడతాం. అట్లాంటాలో ఆమె ఏం తెచ్చేదో ఏ పట్టికలోనూ ఉండదు.

మేరీ కోమ్ ఐదు ప్రపంచ టైటిళ్ళు గెలిచాక గానీ, 2012లో గానీ, ఒలింపిక్స్ స్త్రీల బాక్సింగ్‌ను రానివ్వలేదు. వచ్చినా మూడే బరువులు. తనది కాని 51 కిలోలకు ఎక్కి ఆమె కాంస్యం గెలిచింది. ఆ 51 కిలోల దగ్గరే ఆమెకు నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ ఎదురైంది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీలకు సమాఖ్య మేరీని నేరుగా పంపుతామన్నప్పుడు, సెలెక్షన్ ట్రయల్ పెట్టమని నిఖత్ క్రీడామంత్రికి బహిరంగ లేఖ రాసింది. ఎవరీ నిఖత్ అని మేరీ అడిగింది. డిసెంబరులో ట్రయల్ జరిగింది, మేరీ 9-1తో గెలిచింది, చెయ్యి కలపలేదు. పత్రికలకు ఆ కలపని చెయ్యి చాలు. ఇద్దరు ఆడవాళ్ళ తగాదాగా రాసుకున్నారు. నియమాన్ని మధ్యలో మార్చబోయిన సమాఖ్యను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. తరం మారేటప్పుడు మగవాళ్ళ మధ్య జరిగితే అది పోటీ, ఆడవాళ్ళ మధ్య జరిగితే ఈర్ష్య! నిఖత్ తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయ్యింది.

ఇక సానియా. 2005 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ స్త్రీ. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె పొట్టి స్కర్టుల మీద ఒక మతపెద్ద అభ్యంతరం, కలకత్తా పోటీలో ఆమె చుట్టూ పోలీసు కాపలా. 2007 చివర్లో మక్కా మసీదు ఆవరణలో అనుమతి లేకుండా యాడ్ షూటింగు జరిగిందని గొడవ, ఆమె క్షమాపణ. (ఆ మేలోనే అదే మసీదులో బాంబు పేలి, పాతబస్తీ కుర్రాళ్ళను పట్టుకుపోయి హింసించారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. సొంత చోటులోనే అనుమానితులుగా నిలబడడం ఆ ఏడాది ఆమె ఒక్కదాని అనుభవం కాదు.) 2014లో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌గా నియమిస్తే 'పాకిస్తాన్ కోడలు' అని ఒక శాసనసభ్యుడు. మతానికి ఆమె సరిపోలేదు, దేశానికీ సరిపోలేదు. 2012 ఒలింపిక్స్ జట్టు ఎంపికలో మగ ఆటగాళ్ళ అలకలు తీర్చడానికి తనను ఎరగా వాడారని టెన్నిస్ సంఘాన్ని ఆమె బాహాటంగా నిలదీసింది. ఇన్నేళ్ళ మన స్త్రీవాద చర్చల్లో ఆ ప్రకటనకు రావలసినంత చోటు రాలేదని నా ఫిర్యాదు. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ మరుసటేడు ఒక టీవీ ఇంటర్వ్యూలో ఎప్పుడు స్థిరపడతారని అడిగారు, ప్రపంచంలో నంబర్ వన్‌గా ఉండడం స్థిరపడడం కాదా అన్న అర్థంలో జవాబిచ్చింది. అడిగినాయన అక్కడే క్షమాపణ చెప్పాడు.

పాతబస్తీలోని ఒక మహిళా కాలేజీలో పాఠం మధ్యలో సానియా ప్రస్తావన తెచ్చినప్పుడు ఒక అమ్మాయి అన్నది: "మేడం, వాళ్ళ అబ్బా వెంట ఉన్నడు కదా." ఆ మాటను నేను చాలా రోజులు మోశాను. సానియాకు తండ్రే కోచ్. నిఖత్‌ను బాక్సింగ్ రింగుకు తీసుకెళ్ళింది తండ్రి. సైనాను తెల్లవారుజామున స్కూటరు మీద స్టేడియానికి తిప్పింది తండ్రి. సింధు తండ్రి రమణ అర్జున అవార్డు పొందిన వాలీబాల్ ఆటగాడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే అన్నది రెండో వాక్యంలో వస్తుంది. నిఖత్ ముఖం మీద గాయాలు చూసి తల్లి పెళ్ళి గురించి భయపడిందని చెప్పుకుంటారు. తండ్రి ధైర్యం, తల్లి భయం. కానీ ఆ భయం వెనక ఊరు ఎవరి నాలుకల మీద తిరుగుతుందో తల్లికి తెలిసినంతగా తండ్రికి తెలుస్తుందా?

పైగా స్కూటరు ఎంత దూరం తిరగాలన్నది కూడా మారిపోయింది. రహీం కాలంలో ఆటకు కేంద్రం ఫతే మైదాన్, చార్మినార్ నుంచి అది నాలుగైదు కిలోమీటర్లు. 2008లో గోపీచంద్ అకాడమీ మొదలయ్యాక కేంద్రం గచ్చిబౌలికి జరిగింది, అది దాదాపు 20 కిలోమీటర్లు. ఆ అకాడమీ ఒలింపిక్ పతకాలు తెచ్చింది, కాదనను. 2016లో సింధు రజతం గెలిచిన రాత్రి మన రెండు రాష్ట్రాల వాళ్ళు ఇంటర్నెట్‌లో వెతికింది ఆమె కులం. ఫీజు కట్టగల ఇల్లు, కారున్న ఇల్లు, భయపడని ఇల్లు, ఇవన్నీ ఒకేచోట ఉన్న బస్తీలు ఏవి?

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబయిలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచి, దాన్ని తెచ్చి మిథాలీ చేతుల్లో పెట్టారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది, హైదరాబాదు అరుంధతీ రెడ్డి ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ పేరు, ఒక గేటుకు వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు.

2024లో తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అదే ఏడాది ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్‌కూ ఇచ్చింది. రహీం కుర్రాళ్ళు వేసుకున్న పోలీసు యూనిఫాం డెబ్బై ఏళ్ళకు ఒక ముస్లిం అమ్మాయి ఒంటి మీదికి వచ్చింది. అయితే వాళ్ళకు ముందు నౌకరీ వచ్చింది, ఆ జీతం మీద ఆడి కప్పులు గెలిచారు. నిఖత్‌కు అది రెండు ప్రపంచ టైటిళ్ళ తర్వాత వచ్చింది.