అరుగు బడి, నట్టింటి పాఠం

1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రోకు ఒక సందేహం వచ్చింది. ఈ దేశంలో పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు ఏముందో, ఎందరు చదువుతున్నారో కుంపిణీ దొరలకు సరిగ్గా తెలియదు. జిల్లాలవారీగా లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగించాడు. రాయలసీమలో కొడుకులకు ‘మండ్రోలప్ప’ అని పేరు పెట్టుకునేంతగా జనం తలుచుకున్న మన్రో ఈయనే. జవాబులన్నీ చేరేసరికి దాదాపు మూడేళ్లు గడిచాయి. 1826 మార్చిలో వాటిని కూడితే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు.

అంతకంటే ఆసక్తికరమైన అంకె ఒకటి మద్రాసు పట్నం నుంచి వచ్చింది. అక్కడ ఇళ్లలోనే చదువుకుంటున్న పిల్లలు 26 వేలకు పైగా ఉన్నారట. బడికి వెళ్లేవారికి అయిదింతలు! మన్రోకే నమ్మకం కుదరలేదు, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని రాశాడు. అయినా చుట్టాలో, సొంతంగా పెట్టుకున్న అయ్యవారో ఇంట్లో చెప్పే చదువు తక్కువేమీ కాదని ఒప్పుకున్నాడు. జిల్లాల నుంచి ఇలాంటి లెక్క రాలేదు కాబట్టి అసలు చదువుకున్నవాళ్లు కాగితాల మీద కనిపించేదానికంటే ఎక్కువే ఉంటారని కూడా అంచనా కట్టాడు. ఇంటి చదువును ఈ మధ్య విదేశాల నుంచి దిగిన వింతగా మాట్లాడేవాళ్లు ఈ కాగితాన్ని ఒకసారి చూడాలి.

మన్రోకు అందిన జవాబుల్లో చదివి తీరవలసింది బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపినది. అప్పటికి నేటి అనంతపురం ప్రాంతం కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది. మొత్తం 533 బడుల్లో 226 తెలుగు బడులు. అయిదో ఏట, మంచి రోజు చూసి, వినాయకుడికి పూజ చేయించి, పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో అక్షరాలు దిద్దించేవారు. మర్నాటి నుంచి ఇసుకలో రాత. పొద్దున ఆరింటికి బడి మొదలు. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు వరసగా ఒక్కోటీ పెరుగుతూ పోతాయి. చివర వచ్చినవాడి సంగతి చెప్పక్కర్లేదు. హాజరుపట్టీకి బదులు ఎక్కాల్లాంటి శిక్ష!

ముందు నేర్చిన పిల్లలు వెనకవాళ్లకు చెప్పడం, ఇసుకలో రాయడం ఈ వీధిబడుల పద్ధతి. మద్రాసులో సైనికుల పిల్లల అనాథ శరణాలయాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే పాదిరీ దీన్ని గమనించి, తన బడిలో పెట్టి, 1797లో ఇంగ్లండులో ఒక పుస్తకం అచ్చువేశాడు. అక్కడ ‘మద్రాసు పద్ధతి’ పేరుతో వందల బడులు నడిచాయి. మన అరుగుల మీది ఇసుక లండన్ పేదల బడులకు చేరింది. క్యాంబెల్ కూడా ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయించడాన్ని మాత్రం తప్పుపట్టాడు. ఆ తప్పు నిజమే, నేటికీ పూర్తిగా పోలేదు.

ఇక ఇంటి సంగతి. బడిలో బెత్తం చేసే పనిని ఇంట్లో గవ్వలు చేసేవి.

అష్టాచెమ్మాకు కావలసింది సుద్దముక్కతో అడ్డంగా, నిలువుగా అయిదేసి గళ్లు గీసిన చదరం, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఎదుటివాడి కాయను కొట్టాలంటే ఇంకెన్ని పడాలో, ఏ కాయను కదిపితే గండం తప్పుతుందో ఆరేళ్ల పిల్ల కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. కూడికలు నేర్పుతున్నామని ఎవరూ అనలేదు, నేర్చుకుంటున్నామని ఆ పిల్లకూ తెలియదు.

వామనగుంటలు ఇంకో మెట్టు పైన. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, వాటిలో చింతపిక్కలు. ఒక గుంటలోవి తీసి ఒక్కోటీ పంచుకుంటూ పోతే చివరి పిక్క ఎక్కడ పడుతుందో, ఆ పక్క గుంట ఖాళీగా ఉంటుందో లేదో ముందే లెక్క కట్టినవాళ్లదే గెలుపు. వేసవి మధ్యాహ్నాలు ఎండలోకి పోకుండా పిల్లల్ని కూర్చోబెట్టడానికి అమ్మమ్మలు వేసిన ఎత్తు ఇది. దానిలో శేషం, భాగహారం రెండూ ఉన్నాయి. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఒంటరిగా తిరిగే మేకను పులి తింటుంది కాబట్టి మేకలవాడు రెండెత్తులు ముందే ఆలోచించాలి. కొన్ని పాత గుళ్ల మండపాల బండల మీద ఈ ఆటల గీతలు చెక్కి ఉంటాయి. పెద్దలూ గుడికొచ్చి ఇదే పని చేశారన్నమాట.

అక్షరాలకూ ఆటలున్నాయి. పెద్దవాళ్లకు తెలియకుండా మాట్లాడుకోవడానికి పిల్లలు అల్లుకున్న ‘క భాష’లో ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ చేరుతుంది. “రేపు రా” అనాలంటే “కరేకపు కరా”. గడగడా మాట్లాడాలంటే మాటను అక్షరాలుగా విడగొట్టడం వచ్చి తీరాలి. గుణింతం దిద్దించే పంతులు కోరుకునేదీ అదే. పద్యాల పోటీలో ఒకరి పద్యం ఏ అక్షరంతో ఆగితే రెండోవారు ఆ అక్షరంతో మొదలయ్యే పద్యం అందుకోవాలి. సుమతి, వేమన శతకాలు అయిపోతే భాగవతంలోకి దూకేవారు. దీపాలు పెట్టే వేళ అరవై తెలుగు సంవత్సరాలు, ఇరవై ఏడు నక్షత్రాలు వరసగా అప్పజెప్పాలి. మధ్యలో తప్పితే మళ్లీ ప్రభవ దగ్గరికి.

వీటన్నిటిలో మొండిది వీసపు ఎక్కం. పావు, అర, ముప్పావు దాటి పదహారో వంతుకు కూడా ఎక్కాలుండేవి. రూపాయికి పదహారు అణాలు కాబట్టి అంగడికి వెళ్లే పిల్లవాడికి అవి అక్కరకొచ్చేవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి వంద అన్న రోజు నుంచి ఆ ఎక్కం మెల్లగా తాతల నాలుక మీదే మిగిలిపోయింది.

అయితే ఇంటి చదువును నెత్తిన పెట్టుకునే ముందు క్యాంబెల్ లెక్కలో ఇంకో గడి చూడాలి. బళ్లారి బడుల్లోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఏ ఆడపిల్లకైనా చదువు వచ్చిందంటే చాలావరకు ఇంట్లో వచ్చిందే, అదీ తండ్రో అన్నో తమ్ముడో దయతలిస్తే. భండారు అచ్చమాంబకు (1874–1905) బడి ముఖం తెలియదు. చిన్నతనంలోనే పెళ్లయి నాగపూర్ వెళ్లింది. చదువుకోసం తన దగ్గరున్న తమ్ముడు, మూడేళ్లు చిన్నవాడైన కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆ ఇంటి చదువుతోనే 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’, 1902లో ‘ధనత్రయోదశి’ కథ అచ్చులో చూసుకుంది. తమ్ముడు లేని అచ్చమాంబలు ఎందరో ఏ పట్టికలోనూ లేదు.

ఆటతో చదువు చెప్పాలన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రంగా తిరిగొచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచాడు. ఆయన ‘దివాస్వప్న’ను తెలుగువాళ్లు ‘పగటికల’గా చదువుకున్నారు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం అడ్డుపడడంతో ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఇళ్లలోకి మాత్రం ఈ గాలిని తెచ్చింది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి. వాళ్లు 1945లో మొదలుపెట్టిన ‘బాల’ పత్రిక, రెండేళ్ల తర్వాత వచ్చిన ‘చందమామ’ ఎన్నో ఇళ్లలో రెండో వాచకాలయ్యాయి.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు కొందరున్నారు. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి రాయించే వీలుంది. 2020లో కరోనా అందరి పిల్లల్నీ ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు వచ్చాయి. చదువొచ్చిన అమ్మ పక్కనున్న పిల్లలు నెట్టుకొచ్చారు, కూలికి పోయిన తల్లి పిల్లలకు ఆ టీవీయే దిక్కయింది. ఇంటి చదువు ఇంట్లోవాళ్ల చదువును బట్టే ఉంటుంది. కాబట్టి అది బడికి తోడే తప్ప బదులు కాదు.

తోడుగా మాత్రం గవ్వలకు సాటి లేదు. వామనగుంటల నియమాలు ఊరూరికీ మారతాయి. మీ ఇంట్లో అవి తెలిసిన పెద్దలుంటే ఈ సెలవుల్లోనే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఆడించండి. వీసపు ఎక్కం వచ్చినవాళ్లు ఇంకా ఉంటే దాన్ని వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి.