మసాయి మందలును పశుమారియు

నైరోబీలోని మన తెలుగువారు మొంబాసా రైలుమార్గమును గూర్చియు, దానిని వేసిన హిందూదేశపు కూలీలను గూర్చియు ముచ్చటింతురు గాని, ఆ రైలు ఈ పీఠభూమి నెక్కకమునుపే మసాయి జాతి వెన్ను విఱిచిన పశుమారిని తలచువారు అరుదు. 1887 ప్రాంతమున మసావా రేవున ఇటలీ సైన్యమునకై దిగిన పశువులతో రిండర్‌పెస్టు ఈ ఖండమున అడుగిడెననియు, ఆ పశువులు మన దేశమునుండియే వచ్చెననియు (ఈ మాట వ్రాయుటకు కలము కొంత జంకుచున్నది) పలువురు చరిత్రకారుల మతము. పాలే ఆహారముగా, ఆవులే ధనముగా గల మసాయివారి మందలు నశింపగా, కరవును మశూచికమును వెంటనంటి వచ్చెను. జనశూన్యములైన రిఫ్టులోయ పచ్చికబయళ్లను జూచి యెవరివియు గావని తలచిన ఆంగ్లేయులు 1904, 1911 ఒడంబడికలతో మిగిలినవారిని కదల్చి, ఆ నేలను తెల్లదొరలకు పంచియిచ్చిరి.

నైరోబీకి అనతిదూరమునున్న ముగుగా పరిశోధనాలయమున వాల్టర్ ప్లౌరైటు పండితుడు, ఆ రోగపు వైరసును దూడ మూత్రపిండకణములలో పదేపదే పెంచి, దాని క్రౌర్యమును హరించి, ఒక్క మోతాదుతోనే పశువును యావజ్జీవము కాపాడు టీకాను సృజించెను. 1962లో పలు దేశములు కలిసి ఆరంభించిన టీకా ఉద్యమము రోగమును దాదాపుగా అణచెను. అంతతో పని తీఱినదని 1976లో చేతులు దులుపుకొనుటచే, మారుమూలల మిగిలిన నిప్పు 1980 తరువాత మరల రాజుకొనెను. దాతల ఓపిక రోగపు ఓపికకంటె తక్కువయని నాకు తోచును.

టీకా మంచిదే గాని చల్లదనము తప్పినచో చెడునది; మందలో, దారియు విద్యుత్తును లేని ఎడారులలో తిరుగునవి. జెఫ్రీ మారినర్ అను అమెరికా పశువైద్యుడు వేడిమికి ఓర్చు టీకాను సిద్ధపఱచిన పిమ్మట, దానిని సంచిలో వేసికొని కాలినడకన పోయి సూది వేయు పని చదువురాని కాపరులకే నేర్పిరి. పట్టభద్రులైన పశువైద్యులు కొందఱు దీనికి ముఖము చిట్లించిరి. అయినను రోగము ఎచట దాగియున్నదో ఎఱిగినవారు ఆ కాపరులే: సోమాలీ సరిహద్దున పశువులను చంపక, కంట నీరు కార్చి పోవు మృదురోగమును వారు చెప్పగా విని శాస్త్రజ్ఞులు పోల్చుకొనిరి.

మన దేశమున ఈ రోగము 1995లో కడసారి కనబడెను. ఇక్కడ 2001లో మేరు జాతీయవనమందలి అడవిదున్నలలో కనబడినదే లోకమునకెల్ల తుది. పిమ్మట ఏండ్ల తరబడి మందమందకును తిరిగి, నెత్తురు పరీక్షించి, కాపరులను ప్రశ్నించి, ఎందును కానరాదని రూఢి చేసికొన్న మీదటనే 2011 జూన్ 28న రోములో ఆహార వ్యవసాయ సంస్థ ఆ మారి అంతరించినదని ప్రకటించెను.