మాంసము కోయువారి క్షేమము: బిస్సమ్ కటక్ సీమలో దొమ్మరోగము

మాంసము కోయువారికి జాగ్రత్తలు బోధించుట కర్మాగారములకు మాత్రమే చెందిన విషయమని పెక్కురు తలంతురు. బిస్సమ్ కటక్ సీమను పరిశీలించినచో ఆ తలంపు సరికాదని తేలును. నియమగిరి కొండల చెంతనున్న యీ సీమ 1936 వరకు విశాఖపట్టణము జిల్లాలోను, పిమ్మట కొరాపుట్ జిల్లాలోను ఉండి, 1992లో రాయగడ జిల్లాలో చేరినది.

ఇచ్చటి కొండపల్లెలలో మాంసము కోయువాడు ఒకరి క్రింద పనిచేయు కూలివాడు కాడు. పశువు గలవాడో, అతని యిరుగుపొరుగువాడో యగును. ఎద్దు చచ్చినచో సేద్యము దెబ్బతినును. మాంసమైనను దక్కునని దానిని కోసి పంచుకొందురు. ఎద్దు దొమ్మరోగముచే చచ్చినదైనచో, కోసినవాని చేతిపై కొలది దినములలో పొక్కు లేచి, నొప్పిలేని పుండై, నడుమ నల్లబడును. ఆంత్రాక్సు అను పేరునకు గ్రీకు భాషలో బొగ్గు అని యర్థము. సకాలమున పెన్సిలిను దొరకినచో పుండు మానును. ఉపేక్షించినచో ప్రాణాపాయము కలుగవచ్చును. 2000 తరువాతను కొరాపుట్ ప్రాంతమున ఈ రోగము పలుమారు మనుష్యులకు సోకినది.

ఈ రోగమునకు కారణమైన సూక్ష్మక్రిమి జీవితక్రమమును 1876లో రాబర్టు కోఖు వెల్లడించెను. కోయని కళేబరములో ఈ క్రిములు చాలవరకు కుళ్లుచే నశించును. కోసినచో గాలి తగిలి విత్తనములవలె గట్టిపడి, యేండ్ల తరబడి నేలలో నిలుచును. కావున కోయకుండుటయే మొదటి జాగ్రత్త. లోతుగా పూడ్చుటయో కాల్చుటయో రెండవది.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు ఉన్నిమిల్లుల పనివారు ఈ రోగముచే మరణించుటతో లోకము మేల్కొనెను. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, రోగబీజములు గల ఉన్నిని శుద్ధి చేయవలెనని సిఫారసు చేసెను. భారతదేశమున 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము దీనిని వృత్తివ్యాధిగా నెంచెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, వైద్యుడు ఈ రోగమును అధికారులకు తెలుపవలెనని విధించెను.

అయితే ఈ రక్షణలన్నియు యజమాని గల పనివానికి ఏర్పడినవి. కొండపల్లెలో కత్తి పట్టినవానికి యజమానియు లేడు, పరిహారమును లేదు. అతనికి చేరగలది పశువైద్యుని టీకా, అతని భాషలో చెప్పు నాలుగు మాటలు మాత్రమే. ఆ మాటలైనను ఎద్దు చచ్చిన పిమ్మట చెప్పినచో ఫలము తక్కువ. ఆకలిగొన్న యింటికి మాంసము విడువుమనుట సులభము, విడుచుట కష్టము. పశువునకు ముందుగా టీకా వేయించి, పోయిన యెద్దునకు కొంత పరిహార మిప్పించిననాడే ఆ బోధ చెవికెక్కును.