గాదె కాపలా నుంచి ఇన్సులిన్ దాకా: ఉత్తరాంధ్రలో పిల్లి వైద్యం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో పిల్లిని ఎన్నో తరాలు పని కోసమే పెంచారు. వరి పండే ఊళ్లలో గాదెలోని, పురిలోని ధాన్యం ఎలుకల పాలు కాకుండా చూడటం దాని పని. ఇంట్లో మిగిలిన ఇంత అన్నం, చేప తలలు దానికి దక్కేవి. మిగతా తిండి అదే వేటాడి తెచ్చుకునేది. పగలూ రాత్రీ తిరుగుతూ ఎక్కువగా మాంసమే తినే అలాంటి పిల్లికి ఒళ్లు రావడం అరుదు. జబ్బు చేస్తే ఏ మూలకో పోయి పడుకునేది. దానికి షుగరు వచ్చి ఉండొచ్చన్న ఆలోచనకే ఆనాడు తావు లేదు.

వైద్యం అందిందల్లా పాడికి, సేద్యానికి పనికొచ్చే పశువులకే. ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్న కాలంలో, 1903లో మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివినవారి ముందున్నవి పెద్దరోగం, గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు. పెద్దరోగం ఒక ఊళ్లో దిగితే దుక్కిటెద్దులు మిగిలేవి కావు, ఆ ఏడు సాగూ ఉండేది కాదు. 1932లో రాణిపేటలో నెలకొల్పిన సంస్థ పశువులకు సీరం, టీకాలు తయారుచేసింది. 1954లో పెద్దరోగ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. 2006 నాటికి భారతదేశానికి, 2011లో ప్రపంచానికంతటికీ ఆ రోగం పీడ వదిలింది. పల్లె పల్లెకూ నడిచి టీకాలు వేసినవారి శ్రమకు ఇంతకన్నా గొప్ప ఫలితం ఉండదు. ఆ శ్రమలో పిల్లికి చోటు లేకపోవడాన్ని తప్పుపట్టలేం.

పిల్లి షుగరుకు మందు పశువుల ఆసుపత్రి దారిలో రాలేదు, మనుషుల వైద్యం దారిలో వచ్చింది. మూత్రానికి చీమలు పట్టడాన్ని ప్రాచీన భారత వైద్యులు గుర్తించారు. చిక్కిపోయినవారికి వచ్చే మధుమేహం వేరు, స్థూలకాయులకు వచ్చేది వేరు అని కూడా చెప్పారు. పిల్లులకు వచ్చేది ఎక్కువగా ఈ రెండో తరహాదే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేసినప్పుడు దానికి షుగరు వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీదే ఇన్సులిన్‌ను పరీక్షించారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ పడింది. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు మనుషులు వాడిన ఇన్సులిన్ ఆవుల, పందుల క్లోమాల నుంచి తీసిందే. మనిషికి ప్రాణం పోసిన ఈ మందు జంతువుల ప్రాణాల మీదుగా వచ్చింది. అది తిరిగి ఒక జంతువుకు అందితే రుణం కొంతైనా తీరినట్టే.

ఆవు ఇన్సులిన్‌కూ పిల్లి ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లమే. మనిషి ఇన్సులిన్‌తో పోలిస్తే నాలుగు తేడాలున్నాయి. అయితే జన్యుసాంకేతికతతో చేసిన మానవ ఇన్సులిన్ 1982లో అమెరికా మార్కెట్‌కు అనుమతి పొందింది. మన దేశంలో వోక్‌హార్ట్ 2003లో, బయోకాన్ 2004లో సొంత తయారీ తెచ్చాయి. క్రమంగా ఆవు ఇన్సులిన్ దుకాణాల్లోంచి తప్పుకుంది. ఆ లోటును పూడ్చింది గ్లార్జిన్ అనే దీర్ఘకాల ఇన్సులిన్. మనుషుల కోసమే చేసినా, రోజుకు రెండుసార్లు ఇస్తే పిల్లుల్లో బాగా పనిచేస్తుందని తేలింది. ఇలాంటి ఇన్సులిన్, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఇప్పుడు నరసన్నపేట, బొబ్బిలి వంటి పట్టణాల మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయంటే, ఊరూరా షుగరు మనుషులున్నందువల్లే.

పిల్లి బతుకూ ఈలోగా మారింది. పట్టణాల అపార్టుమెంట్లలో పర్షియన్ పిల్లులు చేరాయి. గడప దాటని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన, ఎప్పుడూ గిన్నెనిండా తిండి ఉండే పిల్లికి ఒళ్లు వస్తుంది. అలాంటివాటిలో, ముఖ్యంగా వయసు మళ్లిన గండుపిల్లుల్లో షుగరు ఎక్కువ. చర్మవ్యాధులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదేపదే ఇవ్వడమూ ఒక కారణం. ఈలోగా పశువైద్యం చదువూ దగ్గరైంది. రాష్ట్ర విభజన తర్వాత విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల రావడంతో, ఈ చదువు కోసం తిరుపతికో గన్నవరానికో పోవలసిన ప్రాంతానికి సొంత విద్యాలయం ఏర్పడింది.

వ్యాధి గుర్తులు ఇంట్లోవాళ్ల కంటే ముందు ఎవరికీ కనబడవు. నీళ్లు విపరీతంగా తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం మొదటివి. ముదిరితే వెనకకాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడుస్తుంది. భయపడిన పిల్లికి ఆ కాసేపూ రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన అంకెతోనే తేల్చరు. మూత్రంలో చక్కెర ఉందేమో చూస్తారు, కొన్ని వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేస్తారు.

మందు మోతాదు సాధారణంగా పూటకు ఒకటో రెండో యూనిట్లతో మొదలవుతుంది. అసలు ప్రమాదం సిరంజీలో ఉంది. మన దేశంలో సాధారణ ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటే, గ్లార్జిన్‌లో 100 ఉంటాయి. ఎర్రమూత సిరంజీ 40కి, నారింజరంగు మూతది 100కి. ఎర్రమూత సిరంజీతో గ్లార్జిన్ ఒక గీత తీస్తే లోపలికి పోయేది రెండున్నర యూనిట్లు. మనిషి తట్టుకోగల ఆ తేడా నాలుగు కిలోల పిల్లికి ప్రాణాంతకం కావచ్చు. తూలుతూ నడిచినా, మూర్ఛ వచ్చినా చిగుళ్లకు తేనెగానీ చక్కెర పాకంగానీ రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తిండి మానేసిన పూట ఇన్సులిన్ మామూలుగా ఇచ్చేయకూడదు, ముందు డాక్టరును అడగాలి.

తిండి విషయంలో పాలన్నం, పెరుగన్నం తగ్గించక తప్పదు. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో దొరికే కవళ్లు, నెత్తళ్లు ఉప్పు లేకుండా ఉడికించి, కోడిమాంసంతో, గుడ్డుతో కలిపి పెట్టవచ్చు. పిండిపదార్థం తక్కువున్న ఈ తిండి గాదె కాచిన పిల్లి తిండికి దగ్గరగానే ఉంటుంది. అయితే అవి మాత్రమే పెడితే కాల్షియం వంటివి చాలవు కాబట్టి పూర్తి ఆహారం ఏదో డాక్టరు చెప్పాలి. తిండి మారిస్తే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది గనక ఆ మార్పు చెప్పకుండా చేయకూడదు.

అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రకు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే ద్రవ మందుకు పిల్లుల కోసం అనుమతి వచ్చింది. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. కానీ అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకు, మూత్రపిండాలో కాలేయమో చెడినవాటికి ఇవి పనికిరావు. ఇన్సులిన్‌నే తొలినాళ్లలో శ్రద్ధగా ఇచ్చిన పిల్లుల్లో చాలావాటికి కొన్ని నెలల్లో అది అక్కర్లేకుండా పోతుంది. వ్యాధి మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి వాటికీ బరువు, తాగే నీళ్లు, రక్తంలో చక్కెర చూస్తూనే ఉండాలి.