ఫారమ్ నుంచి ఫ్రేమ్‌వర్క్‌కు: ఒరాకిల్ ఫారమ్స్, జావాల చరిత్ర

పాత కార్యాలయాల్లో బూడిదరంగు తెర ముందు కూర్చుని ఎఫ్7 నొక్కి, ఒక గడిలో నంబరు వేసి, ఎఫ్8 నొక్కి వివరాలు తెప్పించుకునే ఉద్యోగులను మీలో కొందరు చూసే ఉంటారు. మార్పు చేసి ఎఫ్10 నొక్కితే అది డేటాబేస్‌లో చేరిపోతుంది. మౌస్ ముట్టుకునే అవసరమే రాదు. ఆ తెర వెనక ఉన్న సాధనం ఒరాకిల్ ఫారమ్స్. అది ఎలా ఎదిగింది, దానిలో రాసిన అప్లికేషన్లను జావాలోకి మార్చాలన్న ఒత్తిడి ఎందుకు వచ్చింది, ఆ మార్పు అనుకున్నంత సులువుగా ఎందుకు సాగలేదు అన్న విషయాలను ఈ యూనిట్‌లో తెలుసుకుందాం. మీరు ఇదివరకు చదివిన స్ప్రింగ్, జేపీఏలు ఆ రూపంలోనే ఎందుకు ఉన్నాయో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

తెర గీస్తే ప్రోగ్రామ్ అయిన కాలం

ఒరాకిల్ డేటాబేస్ తొలి వెర్షన్ల కాలంలోనే ఇంటరాక్టివ్ అప్లికేషన్ ఫెసిలిటీ అనే సాధనం ఉండేది. 1980లలో అది ఎస్‌క్యూఎల్ ఫారమ్స్‌గా మారింది. పట్టిక పేరు చెబితే చాలు, దానికొక బ్లాకు, ప్రతి కాలమ్‌కు ఒక గడి తయారయ్యేవి. వెతకడం, చేర్చడం, మార్చడం, తొలగించడం అన్నీ కోడ్ రాయకుండానే జరిగేవి. అంతకు మించి ఏదైనా కావాలంటే ప్రోగ్రామర్ ఆ చోట ఒక ట్రిగ్గర్ రాసేవాడు. మూడో వెర్షన్ నుంచి ట్రిగ్గర్లను పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో రాయడం మొదలైంది. 1990ల మధ్యలో ఫారమ్స్ 4.5 విండోస్ తెరల మీదికి వచ్చింది. అది డెవలపర్/2000 అనే ప్యాకేజీలో భాగం. మన దేశపు ఉద్యోగ ప్రకటనల్లో దానికి డీ2కే అని పేరు. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల చుట్టూ తిరిగిన ఒక తరానికి ఆ పేరు బాగా తెలుసు.

ఫారమ్ మాట్లాడకుండా చేసిన పనులేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. గిడ్డంగిలో 100 బస్తాల ఎరువు ఉందనుకోండి. ఇద్దరు గుమాస్తాలు ఒకే సమయంలో ఆ రికార్డు తెరిచారు. మొదటి వ్యక్తి నిల్వ గడిలో అక్షరం మార్చడం మొదలుపెట్టగానే ఫారమ్ ఆ వరుసను డేటాబేస్‌లో లాక్ చేస్తుంది. రెండో వ్యక్తి అదే వరుసను మార్చబోతే ఆగవలసిందే. మొదటి వ్యక్తి మార్పు భద్రపరిచాక రెండో వ్యక్తి మళ్లీ ప్రయత్నిస్తే, రికార్డును వేరొకరు మార్చారని, మళ్లీ తెప్పించుకుని చూడమని ఎఫ్‌ఆర్‌ఎం-40654 అనే సందేశం వస్తుంది. ఇందుకోసం ప్రోగ్రామర్ ఒక్క వాక్యం కూడా రాయలేదు. కనెక్షన్ తెరిచి ఉంచడం, లావాదేవీ నడపడం, లాక్ వేయడం అన్నీ ఫారమే చూసుకుంది. అందుకే చాలామంది ప్రోగ్రామర్లకు ఆ పనులున్నాయన్న సంగతే ఎప్పుడూ తట్టలేదు.

మౌస్ నేర్పిన పాఠం

అక్షరాల తెరల కాలంలో ఉద్యోగి ఒక గడి నుంచి తరువాతి గడికి మీట నొక్కే వెళ్లాలి. కాబట్టి కొందరు ప్రోగ్రామర్లు నియమాలను కీ-నెక్స్ట్-ఐటమ్ ట్రిగ్గర్‌లో పెట్టేవారు. ఉదాహరణకు, విడుదల చేసే పరిమాణం నిల్వకు మించితే ముందుకు పోనివ్వకూడదన్న నియమం. విండోస్ తెరలు వచ్చాక ఉద్యోగి మౌస్‌తో నేరుగా ఇంకో గడిలో క్లిక్ చేయగలిగాడు. మీట నొక్కలేదు కాబట్టి ఆ ట్రిగ్గర్ పనిచేయలేదు, నియమం పక్కకు పోయింది. గడి విలువను సరిచూడటానికే ఉన్న వెన్-వాలిడేట్-ఐటమ్‌లో రాసిన నియమాలకు ఈ చిక్కు రాలేదు. జావా ప్రసక్తి రాకముందే, ఫారమ్స్ ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు మారేటప్పుడే ఇది జరిగింది. వ్యాపార నియమాన్ని కర్సర్ కదలికకు ముడివేస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. అయినా ఆ అలవాటు పోలేదు.

బ్రౌజర్ వచ్చింది

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను ప్రకటించింది. 1990ల చివరికి ఒరాకిల్ తన ఫారమ్‌లను బ్రౌజర్‌లో నడిపించసాగింది. 9ఐ వెర్షన్‌తో క్లయింట్-సర్వర్ పద్ధతిని పూర్తిగా వదిలేసింది. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడతారు: బ్రౌజర్‌లో జావా ఆప్లెట్ కనబడింది కాబట్టి అప్లికేషన్ జావాలోకి మారిపోయిందనుకుంటారు. ఆప్లెట్ పని తెర గీయడమే. అసలు ఫారమ్, దాని పీఎల్/ఎస్‌క్యూఎల్ ట్రిగ్గర్లు, తెరిచి ఉన్న డేటాబేస్ సెషన్ అన్నీ సర్వర్‌లో ఉన్నాయి. ఒక్కో వినియోగదారుకు అక్కడ ఒక్కో ప్రాసెస్ నడిచేది.

నిజమైన వెబ్ అప్లికేషన్ వేరు. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. పేజీ పంపాక సర్వర్ మిమ్మల్ని మరిచిపోతుంది. పైన చెప్పిన గిడ్డంగిని ఇప్పుడు మళ్లీ చూడండి. ఇద్దరు గుమాస్తాలకూ పేజీలో 100 అని కనిపిస్తుంది. లాక్ లేదు. ఒకరు 60 బస్తాలు ఇచ్చి నిల్వ 40 అని రాశారు. రెండో వ్యక్తి 70 ఇచ్చి, తన పేజీలోని 100 నుంచి తీసివేసి 30 అని రాశారు. 100 బస్తాల గిడ్డంగి నుంచి 130 బస్తాలకు చీటీలు వెళ్లాయి, పుస్తకంలో ఇంకా 30 మిగిలి ఉన్నాయి. తెర పాతదానికంటే అందంగానే ఉంది.

ఫారమ్ చేసిన పనిని జావాలో ఎవరు చేయాలి? 1999 డిసెంబరులో వచ్చిన జే2ఈఈ దీనికి ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్‌ను చూపింది. లావాదేవీలను సర్వర్ చూసుకుంటుందన్న ఆలోచన మంచిదే, కానీ అమలు బరువెక్కింది. ఒక్క పట్టిక కోసం హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, బీన్ క్లాస్, వాటికి ఎక్స్‌ఎంఎల్ వివరణ రాయాలి. ఫారమ్స్‌లో పట్టిక పేరు చెప్పి టీ తాగి వచ్చేలోగా పని ముగించిన ప్రోగ్రామర్‌కు ఇది శిక్షలా తోచిందంటే తప్పు పట్టలేం.

ఈ బరువు మీద వచ్చిన తిరుగుబాటే మీరు చదువుతున్న ఫ్రేమ్‌వర్క్‌లు. గావిన్ కింగ్ 2001లో హైబర్నేట్ మొదలుపెట్టాడు. రాడ్ జాన్సన్ 2002లో జే2ఈఈ రూపకల్పనపై రాసిన పుస్తకంతో పాటు ఇచ్చిన కోడ్ నుంచి స్ప్రింగ్ పెరిగింది, 2004 మార్చిలో 1.0 వెర్షన్ వెలువడింది. హైబర్నేట్ ఆలోచనల్లో చాలావరకు 2006లో జేపీఏ ప్రమాణంలోకి చేరాయి. మామూలు క్లాస్ రాసి, ట్రాన్సాక్షనల్ అని ఒక్క గుర్తు పెడితే లావాదేవీ నడుస్తుంది. వెర్షన్ అనే గుర్తుతో ఒక కాలమ్ పెడితే, పాత విలువ పట్టుకుని వచ్చిన రెండో గుమాస్తా మార్పు తిరస్కరించబడుతుంది. ఎఫ్‌ఆర్‌ఎం-40654 చెప్పిన సంగతే ఇది. కాకపోతే ఈసారి ఆ రక్షణ కావాలని ప్రోగ్రామర్ అడగాలి. అడగకపోతే రాదు.

ఒరాకిల్ కూడా ఏడీఎఫ్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను తెచ్చింది. బ్లాకు స్థానంలో వ్యూ ఆబ్జెక్ట్, పట్టికకూ దాని నియమాలకూ ఎంటిటీ ఆబ్జెక్ట్ ఉండేలా, ఫారమ్స్ నుంచి వచ్చేవారికి పరిచయమైన దారి వేసింది. తన ఫ్యూజన్ అప్లికేషన్లను దానిమీదే కట్టింది. అయినా ఒరాకిల్ పరిధి దాటి అది పెద్దగా వ్యాపించలేదు. ఆ చోటు స్ప్రింగ్‌కు దక్కింది.

గడువు ముంచుకొచ్చిన వేళ

చాలా సంస్థలు ఈ ఫ్రేమ్‌వర్క్‌లను చూసి కదలలేదు, బ్రౌజర్లు తోస్తే కదిలాయి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆప్లెట్లు నడిపే ప్లగిన్ పద్ధతిని తీసేశాయి. 2018లో జావా 11 నుంచి ఆ ప్లగిన్‌నే తొలగించారు. బ్రౌజర్ లేకుండా ఫారమ్‌లు నడిపే మార్గాన్ని ఒరాకిల్ 12సీ వెర్షన్‌లో ఇచ్చింది కాబట్టి వాటిని వెంటనే వదలాల్సిన పని లేకపోయింది. అయినా భయం పట్టుకుంది.

అలాంటి భయంలో మొదలైన మార్పుల్లో సాధారణంగా తెరలను లెక్కపెట్టి అంచనా వేస్తారు. నా దృష్టిలో లెక్కపెట్టవలసింది ట్రిగ్గర్లను. ఒక్కో దాన్ని తెరిచి, అందులో ఉన్నది తెర అలంకారమా, కర్సర్ కదలికా, వ్యాపార నియమమా అని విడదీయాలి. అలంకారాన్ని పారేయవచ్చు. నియమాన్ని సర్వర్ క్లాస్‌లోకో, డేటాబేస్ ప్యాకేజీలోకో చేర్చాలి. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ తనిఖీ వాడేవారి సౌకర్యానికే, దాన్ని దాటేయడం ఎవరికైనా తేలిక. ఈ విడదీసే పనికి పాత పీఎల్/ఎస్‌క్యూఎల్ ప్రోగ్రామరే కావాలి. చాలాచోట్ల జావా బృందం వచ్చిన రోజునే ఆయన్ను పక్కన పెట్టేస్తారు. రోజుకు వందల రికార్డులు మీటలతోనే ఎక్కించే ఉద్యోగిని కూడా అడగాలి. ఎఫ్7, ఎఫ్8 పోయి ప్రతి గడికీ మౌస్ పట్టుకోవలసి వస్తే ఆమె వేగం పడిపోతుంది, ఆ నష్టం ఏ ప్రాజెక్టు పత్రంలోనూ కనబడదు.

అభ్యాసం: పై గిడ్డంగి ఉదాహరణలో పరిమాణం నిల్వకు మించకూడదన్న నియమం కీ-నెక్స్ట్-ఐటమ్ ట్రిగ్గర్‌లో ఉందనుకోండి. స్ప్రింగ్, జేపీఏలలో దాన్ని ఎక్కడ రాస్తారు? వెర్షన్ కాలమ్ పెట్టినా ఆ నియమం విడిగా ఎందుకు అవసరమో అయిదారు వాక్యాల్లో రాయండి.