కొలువు భాష – బడి భాష: ఓరుగల్లు చదువుల కథ

"మన కాలపు ఆరో తరగతి ఇంగ్లీషు ఇప్పటి డిగ్రీ పిల్లలకు రాదు" అనే మాట మన సంఘ సమావేశాల్లో తరచు వింటుంటాం. వరంగల్ జిల్లా ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు బోధించిన నేను ఈ మాటతో ఏకీభవించలేను. పిల్లల తెలివి తగ్గలేదు. కొలువు భాష మారినప్పుడల్లా చదువు దాని వెంట నడిచింది.

నిజాం రాజ్యంలో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బోధన సాగించింది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద శాఖ పనిచేసింది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. అంటే ఆనాటి మన విద్యార్థికి ఇంట్లో తెలుగు, తరగతిలో ఉర్దూ, పరీక్షకు ఇంగ్లీషు. తెలుగు పుస్తకం కావాలంటే 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలే దిక్కు. ఆ వాతావరణంలోనే మన జిల్లాలో పుట్టిన పి.వి. నరసింహారావు గారు బహుభాషావేత్త అయ్యారు. కాళోజీ తెలుగుతో పాటు ఉర్దూలోనూ కవిత్వం చెప్పారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధన భాష అయింది. కచేరీల్లోనూ ఇంగ్లీషు పెత్తనం మొదలైంది. ఉర్దూలో పట్టా పుచ్చుకున్న వాడు చూస్తుండగానే వెనకబడిపోయాడు. ఇంగ్లీషు వచ్చినవారు కావాలంటూ బయటి ప్రాంతాల వారిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. 1952లో వరంగల్ విద్యార్థులు ప్రారంభించిన ముల్కీ ఉద్యమం వెనుక ఈ బాధ కూడా ఉంది. అది హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరులో సిటీ కాలేజీ వద్ద జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. భాష మారితే ఒక తరం ఎంత నష్టపోతుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇక మా తరం. ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దాం. వ్యాకరణం వల్లెవేశాం. సెలవు చీటీ తప్పు లేకుండా రాసేవాళ్లం గాని, ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. 1959లో వరంగల్‌కు రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల వచ్చాయి. తెలుగు మీడియంలో చదివి అక్కడ చేరిన పిల్లలు మొదటి ఏడాది పాఠం కన్నా ముందు భాషతో కుస్తీ పట్టారు. పట్టి గెలిచినవారూ ఎందరో ఉన్నారు.

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. మన మనుమలు, మనుమరాళ్లు జంకు లేకుండా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. అది మనకు లేని భాగ్యం. అయితే ఓపికగా పది పుటలు చదవడం, ఒక పుట సొంతంగా రాయడం తగ్గిందని నా అనుభవం. తెలుగు కూడా కూడబలుక్కుని చదివే పిల్లలు కనబడుతున్నారు. మనకు రాసే చేయి ఉంది, నోరు పెగల్లేదు. వాళ్లకు నోరుంది, చేయి ఆడడం లేదు.

పోయిన భాష విలువ అవసరం పడితే గాని తెలియదు. తాతల నాటి సేత్వారు నకలు చేతిలో ఉన్నా, అందులోని ఉర్దూ చదివి పెట్టేవారి కోసం రైతులు తిరగవలసి వస్తోంది. రేపు మన తెలుగు దస్తావేజులకూ ఈ గతి పట్టకూడదు.

కనుక మిత్రులకు రెండు విన్నపాలు. ఉర్దూ చదవగల సభ్యులు తమ పేర్లను సంఘ కార్యాలయంలో నమోదు చేయించండి. పాత కాగితాలతో వచ్చేవారికి సాయపడదాం. ఇంట్లో రోజూ ఒక అరగంట పిల్లలచేత తెలుగు పత్రిక పైకి చదివించుకోండి. మనకు కళ్లు ఆనకపోవడం అందుకు మంచి సాకు!