నీలం తెర, ఎనిమిది ఫాక్టోరియల్

పోయినేడాది ఇంజినీరింగులో చేరిన మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మావయ్యా, కొత్త ల్యాప్‌టాపులో టర్బో సి ఎక్కట్లేదు, ఏం చెయ్యమంటావ్?" అనడిగాడు. నేనేదో తప్పు విన్నాననుకున్నా. వాడు పుట్టకముందే నేను వదిలేసిన సాఫ్టువేరు అది!

అది ఎక్కకపోవడంలో వింతేం లేదు. టర్బో సి 16 బిట్ల డాస్ ప్రోగ్రాము, 64 బిట్ల విండోస్ అలాంటివాటిని అసలు నడపదు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్లలో. అందుకని పిల్లలు డాస్‌బాక్స్ అని ఇంకోటి పెట్టుకుని, దాని లోపల ఉత్తుత్తి డాస్ కంప్యూటరొకటి లేపి, అందులో టర్బో సి నడుపుతున్నారు. డాస్‌బాక్స్ తయారుచేసినవాళ్ళు దాన్ని చేసింది పాత వీడియో గేములు ఆడుకోడానికండీ బాబూ..

ఈ టర్బో కథ 1983లో మొదలైంది. అంతకుముందు పీసీ మీద ప్రోగ్రాము రాయడమంటే ఒక ఫ్లాపీలో ఎడిటరు, ఇంకోదాంట్లో కంపైలరు, మరోదాంట్లో లింకరు. అవి మార్చుకుంటూ కూచోవాలి. కంపైలరు ధర వందల డాలర్లలో ఉండేది. అప్పుడు బోర్లాండ్ అనే కంపెనీ ఎడిటరూ కంపైలరూ కలిపేసి టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకి అమ్మింది. ఆ కంపైలరు రాసిన డెన్మార్క్ కుర్రాడు ఆండర్స్ హెయిల్స్‌బర్గ్. ఆయనే తర్వాత మైక్రోసాఫ్టుకెళ్ళి సి షార్ప్, టైప్‌స్క్రిప్టు చేశాడు. టర్బో సి 1987లో వచ్చింది. అది బోర్లాండ్ సొంత సరుకు కాదు, బాబ్ జెర్విస్ అనే ఆయన రాసిన విజార్డ్ సి ని కొనేసి టర్బో సి గా మార్చారు.

చిత్రమేంటంటే స్టాల్‌మన్ జీసీసీ మొదటిసారి బయటికొచ్చిందీ అదే 1987లో. ఇద్దరూ ఒకే ఈడు పిల్లలన్నమాట. కాకపోతే జీసీసీకి 32 బిట్ల యునిక్స్ యంత్రాలు కావాలి. 640 కేబీ జ్ఞాపకశక్తితో బతికే డాస్ పీసీకి టర్బో సి యే గతి. గతి అని తక్కువ చేయట్లేదు, నిజంగా చక్కటి సరుకు. ఎఫ్9 నొక్కితే క్షణంలో కంపైల్ అయ్యేది. ఏ ఫంక్షను మీదైనా కర్సరు పెట్టి కంట్రోల్ ఎఫ్1 నొక్కితే వివరం వచ్చేది. ఇంటర్నెట్టు లేని ల్యాబుల్లో అదే మాకు గురువు. 90ల చివర్లో మన దగ్గర ఇంజినీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు ల్యాబు మొత్తానికి నాలుగు ఫ్లాపీలు చాలు. లైసెన్సు సంగతి ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు.

కాబట్టి అప్పట్లో దాన్ని ఎంచుకోవడం తప్పని నేననను. నా గొడవ వేరే.

మొదటి సంవత్సరం ల్యాబులో ఫాక్టోరియల్ ప్రోగ్రాము రాశాను. 5 ఇస్తే 120 వచ్చింది, 7 ఇస్తే 5040 వచ్చింది. హుషారొచ్చి 8 ఇచ్చా. 40320 రావాలి కదా, తెర మీద మైనస్ 25216 అని పడింది. రెండుసార్లు కోడంతా చదివా, తప్పేం కనపడలేదు. సార్‌ని పిలిచి చూపిస్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు 5 ఇచ్చి చూపించు".

టర్బో సి లో ఇంట్ అంటే 16 బిట్లే, 32767 దాటితే చుట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది. 40320లోంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 25216. ఈ లెక్క నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి, ఒక బిల్లింగు ప్రోగ్రాములో మొత్తాలు మైనస్‌లో వస్తుంటే రాత్రంతా కూచున్నప్పుడు. కంప్యూటరు లోపల అంకెలు ఎలా ఉంటాయో చెప్పడానికి ఆ మైనస్ 25216 కన్నా మంచి పాఠం ఏముంటుంది చెప్పండి? పది నిమిషాల పని. సార్‌ని అని లాభం లేదు, ఆయనా అదే ల్యాబులో చదివి, ఉద్యోగం దొరికేదాకా అక్కడే ఆగినాయన.

వాయిడ్ మెయిన్ సంగతీ ఇంతే. అమెరికా ప్రమాణాల సంస్థ 1989లో సి కి ప్రమాణం రాసినప్పుడే మామూలు ప్రోగ్రాములో మెయిన్ ఇంట్ తిరిగివ్వాలంది. టర్బో సి చూసీ చూడనట్టు పోనిచ్చేది, మేం అదే వేదమనుకున్నాం. ఇంక ప్లేస్‌మెంటు రాతపరీక్షల్లో ఐ ప్లస్‌ప్లస్‌నీ ప్లస్‌ప్లస్ ఐ నీ కలిపితే ఎంత అని అడిగేవాళ్ళు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ప్రమాణం ప్రకారం దానికి ఫలానా జవాబంటూ ఉండదు, ఏ కంపైలరు ఏమిచ్చినా ఇవ్వొచ్చు. కానీ ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో ఆ మాట ఉండేది కాదు. టర్బో సి ఏమంటే అదే మార్కు.

సరే, మేనల్లుడికి జీసీసీ పెట్టుకోమన్నా. పెట్టుకున్నాడు. మొదటి ప్రోగ్రాముకే కోనియో డాట్ హెచ్ దొరకలేదని తిట్టిందట. ఆ లైనూ, తెర తుడిచే క్లియర్‌స్క్రీనూ తీసెయ్యమన్నా, ఇంట్ మెయిన్ రాయమన్నా. నడిచింది. 8 ఫాక్టోరియల్ ఇవ్వమంటే 40320 వచ్చిందన్నాడు. అయితే 13 ఇచ్చి చూడరా అన్నా. కాసేపాగి, "ఇదేంటి మావయ్యా, 193 కోట్లేదో వచ్చింది, 622 కోట్లు కదా రావాల్సింది?" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం గంటసేపు ఫోన్లో బిట్లు లెక్కపెట్టుకున్నాం.

మర్నాడు మళ్ళీ ఫోను. రికార్డులో క్లియర్‌స్క్రీన్ లేకపోతే సంతకం పెట్టనన్నారట. ఇప్పుడు వాడి దగ్గర ప్రతి ప్రోగ్రామూ రెండు ఫైళ్ళలో ఉంటోంది. ఒక ఫైలు పేరు 'రికార్డు', రెండోదాని పేరు 'మావయ్య'.